ఏడాదిలో నాలుగోసారి ఈస్ట్ ఇన్ఫెక్షన్: పెరుగు, ప్రోబయోటిక్‌లతో ఎంతవరకు అదుపు చేయొచ్చు?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: పాలకొల్లు దగ్గర పల్లె, వయసు ముప్పై ఆరు. దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట అవడం ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. ప్రతిసారీ మందుల షాపులో ఒక ఫ్లూకోనజోల్ 150 బిళ్ల అడిగి వేసుకుంటున్నారు, నాలుగు రోజుల్లో తగ్గి నెల తిరిగేసరికి మళ్లీ వస్తోంది. మీ అత్తగారు వేడి చేసిందని కొబ్బరి బొండాలు, సగ్గుబియ్యం జావ ఇస్తున్నారు. తీపి మొత్తం మానేసి, రోజూ పెరుగు తిని, ప్రోబయోటిక్ బిళ్లలు (మంచి బాక్టీరియా ఉండేవి) వాడితే మందు లేకుండా పోతుందా అని అడిగారు.

మందు లేకుండా పోదండి. కానీ మందుతో తగ్గాక మళ్లీ రాకుండా చూడటంలో తిండికీ పాత్ర ఉంది. ఆ పాత్ర చాలామంది అనుకునే చోట కాకుండా వేరేచోట ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఇది నిజంగా ఈస్టేనా అన్నది తేలాలి. నాలుగుసార్లలో ఒక్కసారీ పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. కాండిడా అనే ఈస్ట్ వల్ల వచ్చే తెల్లబట్ట చిక్కగా, తరకల్లా ఉంటుంది, వాసన దాదాపు ఉండదు, దురద విపరీతం. పల్చగా, బూడిద రంగులో, చేపల నీచు వాసనతో అవుతుంటే అది బాక్టీరియల్ వజైనోసిస్. పసుపు పచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. ఈ మూడింటికీ మందులు వేరు. ఈస్ట్ మందుతో మిగతా రెండూ పోవు. లక్షణాలు చూసుకుని సొంతంగా తేల్చుకోవడంలో పొరపాట్లు చాలా ఎక్కువ, ఇంతకుముందు ఒకసారి నిర్ధారణ అయినవాళ్లు కూడా పొరబడతారు. యోని స్రావం పీహెచ్ (ఆమ్లత కొలత) కాగితంతో చూస్తే ఈస్ట్‌లో మామూలుగా 4.5 లోపే ఉంటుంది, మిగతా రెండింటిలో అంతకంటే ఎక్కువ. స్రావం చుక్క మీద పది శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఈస్ట్ తీగలు, మొగ్గలు కనపడతాయి. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి అది చాలదు, కల్చర్ (స్రావంలోని ఈస్ట్‌ని ల్యాబులో పెంచి ఏ రకమో చూడటం) కూడా చేయించాలి. ఎక్కువమందిలో ఉండేది కాండిడా ఆల్బికాన్స్. కొందరిలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో, గ్లాబ్రాటా అనే రకం ఉంటుంది, అది ఫ్లూకోనజోల్‌కి సరిగా లొంగదు. ఏ రకమో తెలియకుండా బిళ్లలు మింగుతూ పోతే డబ్బు, కాలం రెండూ వృథా. ప్రభుత్వ ఏరియా, జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి సమస్యల కోసం సురక్ష క్లినిక్‌లు ఉంటాయి, అక్కడ ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో ఫ్లూకోనజోల్‌తో పాటు మిగతా రెండింటికీ పనిచేసే సెక్నిడజోల్ కూడా ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లకి అది సరిపోవచ్చు. నాలుగోసారి వచ్చిన మీకు మాత్రం కల్చర్ కావాలి, అది మెడికల్ కాలేజీ ఆసుపత్రుల మైక్రోబయాలజీ విభాగంలో గానీ పెద్ద ప్రైవేటు ల్యాబులో గానీ అవుతుంది. వెళ్లేముందు రెండు వారాల పాటు ఏ ఫంగస్ మందూ వాడకుండా ఉంటే ఫలితం నమ్మదగ్గదిగా వస్తుంది.

దాంతో పాటు అదే రోజు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) చేయించండి. మీకు షుగర్ లేదని రాశారు, కానీ ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. డెల్టాలో మూడు పూటలా తెల్లన్నమే, ఇంట్లో పెద్దవాళ్లకి షుగర్ ఉండటం మామూలే. ముప్పై దాటిన స్త్రీకి పదే పదే ఈస్ట్ వస్తోందంటే కొందరిలో షుగర్ బయటపడే మొదటి గుర్తు అదే. 5.7 నుంచి 6.4 దాకా వస్తే షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ వచ్చినట్టు.

షుగర్‌కి మందు వాడుతున్నవాళ్లు ఇది చదువుతుంటే బిళ్ల అట్ట మీద పేరు చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, ఇలా చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటే ఆ మందు పనిచేసే తీరే రక్తంలోని గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేయడం. షుగర్ ఉన్న మనిషిలో రోజుకి సుమారు 70 గ్రాముల దాకా అలా పోతుంది. మూత్రం తగిలే చోట ఈస్ట్‌కి అంతకంటే మంచి మేత ఉండదు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయి చవక బిళ్లలు వచ్చాక ఈ మందు ఊరూరా వాడుకలోకి వచ్చింది. గుండెకి, కిడ్నీలకి మంచి చేసే మందు కాబట్టి మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టర్‌కి ఈ ఇబ్బంది సిగ్గుపడకుండా చెప్పండి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని మెత్తని బట్టతో పొడిగా అద్దుకుంటే కొందరికి ఇది రావడం తగ్గొచ్చు. అలా తగ్గకపోతే మందు మార్చడం ఆయన చూసుకుంటారు.

ఇక తిండి. తీపి మొత్తం మానేయాలా అంటే, రక్తంలో షుగర్ మామూలుగా ఉన్న స్త్రీకి తీపి మానేస్తే ఈస్ట్ ఆగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. షుగర్ అదుపులో లేని స్త్రీకి మాత్రం దాన్ని అదుపు చేయడం చికిత్సలో ముఖ్య భాగం. కాబట్టి పరీక్ష ఫలితం వచ్చాకే తిండి మీద ఎంత గట్టిగా పట్టుబట్టాలో తేల్చుకోండి. ఇంటర్నెట్‌లో కనపడే కాండిడా డైట్‌లు ఇడ్లీ, దోసె, పండ్లు, పుట్టగొడుగులు, పులిసినవన్నీ మానేయమంటాయి. ఆ మాట పట్టుకుని ఇడ్లీ మానేయనక్కర్లేదు. పిండిలో పులిసిన సూక్ష్మజీవులు ఆవిరిలో ఉడికేసరికి చచ్చిపోతాయి, అవి యోనిలో కాండిడాని పెంచేవీ కావు.

మార్చాల్సిన చోటు వేరే ఉంది. వేడి చేసిందని ఇచ్చే చలవ పానీయాలే చూడండి. సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండిపదార్థం, దాంట్లో పంచదార వేసి రోజుకి రెండు గ్లాసులు తాగితే షుగర్ అంచున ఉన్న మనిషికి చేటే. ఒక బొండం నీళ్లలో పది గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, రోజుకి ఒకటైతే పెద్ద తప్పులేదు, మూడు నాలుగు మాత్రం వద్దు. చలవ చేయాలనుకుంటే పల్చటి మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసుకోండి. సబ్జా నీళ్లు పంచదార లేకుండా తాగండి. మీ అత్తగారి మాట కొట్టేసినట్టూ ఉండదు. మంట ఒంట్లో వేడి వల్ల కాదు, అక్కడి చర్మం వాచి పొక్కడం వల్ల.

అన్నం విషయంలో, కంచంలో సగం కూర, పప్పు, ఆకుకూరలు ఉండాలి, అన్నం పావు వంతు, మిగతా పావు చేపో గుడ్డో చికెనో. ఒక కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, పూటకి చాలు. ముందు కూర కొంచెం తిని తర్వాత అన్నంలోకి వెళ్తే షుగర్ ఒక్కసారిగా లేవదు. గోదావరి చేపలు, రొయ్యలు, కోడిగుడ్డు, కంద, పనసపొట్టు కూర ఏవీ మానక్కర్లేదు. పండగకి రెండు పూతరేకులు తిన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ రాదు, రోజూ నాలుగుసార్లు పంచదార వేసిన టీ మాత్రం నెలల తరబడి లెక్కలోకి వస్తుంది.

పెరుగు గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆశా, అపోహా రెండూ దాని చుట్టూనే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా గుంపుగా ఉంటాయి. క్రిస్పాటస్, గాసెరి, జెన్సెని, ఇనర్స్ అనే రకాలు ముఖ్యమైనవి. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతాయి. చేలో వరి ఒత్తుగా పెరిగిన చోట కలుపుకి చోటుండదు, పల్చబడిన చోటే అది పైకొస్తుంది, ఇక్కడా అంతే. జలుబుకీ దగ్గుకీ ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ ఈ మంచి బాక్టీరియాని పల్చబరుస్తుంది, తర్వాత ఈస్ట్ రావచ్చు. మీకు వచ్చిన నాలుగుసార్లకి ముందు యాంటీబయాటిక్ వాడారా లేదా ఒకసారి గుర్తు చేసుకోండి. జలుబుకి యాంటీబయాటిక్ అక్కర్లేదు, అది ఆపితే పెరుగుతో వచ్చే లాభం కంటే ఎక్కువ లాభం ఉంటుంది.

మన ఇంటి పెరుగులో ఉండేవి ముఖ్యంగా లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, బల్గారికస్ లాంటివి. పై నాలుగు రకాలూ కాదు. అందుకే ఇంటి పెరుగు తింటే యోనిలో మంచి బాక్టీరియా నాటుకుంటుందని అనుకోకూడదు. 1992లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో రోజూ 8 ఔన్సులు, అంటే సుమారు 225 గ్రాముల పెరుగు ఆరు నెలలు తిన్న స్త్రీలకి ఇన్ఫెక్షన్లు మూడో వంతుకి తగ్గాయి. కానీ ఆ పెరుగులో బతికున్న లాక్టోబాసిల్లస్ ఆసిడోఫిలస్ ఉంది, 33 మందితో మొదలై షరతుల ప్రకారం చివరిదాకా నిలిచింది 13 మందే. పెరుగు గురించి చెప్పుకునే మాటకి తరచు చూపేది ఈ చిన్న అధ్యయనాన్నే. ఖర్చు లేదు, ఒంటికి మంచిది, ఆశ పెట్టుకోవచ్చు. అయితే దానిమీదే ఆధారపడి మందు మానేస్తే మోసపోతారు.

తినేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. పెరుగు ఎక్కువ తినమంటే మనం పెరుగన్నం ఎక్కువ తింటాం. దాంట్లోకి మామిడిపండో చక్కెరకేళి అరటిపండో నంజుకుంటాం. కప్పు పెరుగు కోసం రెండు కప్పుల అన్నం లోపలికి పోయినట్టు అవుతుంది. పెరుగుని విడిగా గిన్నెలో, రోజుకి ఒక పెద్ద కప్పు, అంటే 200 నుంచి 225 గ్రాములు, పంచదార లేకుండా తినండి. కీర దోసకాయో ఉల్లిపాయో తరిగి వేసుకున్నా బావుంటుంది. మజ్జిగ పులుసులో, తాలింపుతో కాచిన చారులో బాక్టీరియా బతకవు, వాటిని లెక్కలో వేసుకోకండి. పెరుగు పచ్చడికి తాలింపు వేసి చల్లారాక కలపండి.

ఇంట్లో తోడు పెట్టేటప్పుడు పాలు బాగా కాచి, వేలు ముంచితే ఓర్చుకోగల గోరువెచ్చదనం వచ్చేదాకా, అంటే దాదాపు 42 డిగ్రీల దాకా చల్లార్చండి. ఆవిర్లు కక్కుతున్న పాలల్లో తోడు వేస్తే బాక్టీరియా చచ్చి పాలు జారుగా మిగిలిపోతాయి. అరలీటరు పాలకి ఒక టీస్పూన్ తోడు చాలు, ఎక్కువ వేస్తే త్వరగా పుల్లబడుతుంది. ఎండాకాలం నాలుగైదు గంటలకి, చలికాలం ఎనిమిది గంటలకి పైగా పట్టి తోడుకుంటుంది. తోడుకున్న రోజునో మర్నాడో తినేయండి.

ఆవకాయ, మాగాయ ప్రోబయోటిక్ కాదు. అంత ఉప్పు, నూనె, ఆవపిండిలో మంచి బాక్టీరియా బతికి పెరిగే వీలు తక్కువ. తరవాణిలో, చద్దన్నంలో బతికున్న లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది, అయితే అదీ అన్నమే కాబట్టి షుగర్ ఉంటే కొలతలో తినండి. నానబెట్టే నీళ్లు కాచి చల్లార్చినవే వాడండి, వానాకాలం బోరు నీళ్లూ కాలువ నీళ్లూ నమ్మలేం.

షాపులో ప్రోబయోటిక్ అడిగితే ఇచ్చేవి చాలావరకు విరేచనాల కోసం తయారైనవి. బాసిల్లస్ క్లాసీ ఉన్న చిన్న సీసాలు, సాక్రోమైసెస్ బౌలార్డీ ఉన్న పొట్లాలు ఎక్కువగా చేతికొస్తాయి. రెండోది స్వయంగా ఒక రకం ఈస్ట్. పేగులకి మంచిదే, మీ సమస్యకి పనికిరాదు. మీరు వెతకాల్సింది లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీఆర్-1, రూటెరి ఆర్‌సీ-14 అనే రెండు స్ట్రెయిన్లు (ఉపరకాలు). లేబుల్ మీద ఆ జీఆర్-1, ఆర్‌సీ-14 అనే చివరి గుర్తులు కూడా ఉండాలి, లేకపోతే అది వేరే బాక్టీరియా కిందే లెక్క. 2009లో అచ్చయిన బ్రెజిల్ అధ్యయనంలో 55 మంది స్త్రీలని రెండు గుంపులు చేసి, అందరికీ ఒక ఫ్లూకోనజోల్ మోతాదు ఇచ్చి, ఒక గుంపుకి ఈ రెండు స్ట్రెయిన్లున్న గొట్టాలు, రెండో గుంపుకి మందు లేని ఉత్తుత్తి గొట్టాలు రోజుకి రెండు చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూశారు. మొదటి గుంపులో నెల తర్వాత ఈస్ట్ మిగిలినవాళ్లు నూటికి పదిమంది, ఉత్తుత్తి గొట్టాలు వాడిన గుంపులో నూటికి ముప్పై ఎనిమిది మంది. ఇది మందుతో కలిపి ఇచ్చినప్పటి మాట, మందు బదులు ఇచ్చినప్పటిది కాదు. 2004లో ఆస్ట్రేలియాలో యాంటీబయాటిక్ వాడుతున్న స్త్రీలకి వేరే లాక్టోబాసిల్లస్ ఇస్తే ఈస్ట్ రావడం ఏమీ ఆగలేదు. అందుకే స్ట్రెయిన్ చూడకుండా వందలు ఖర్చుపెట్టి కొనొద్దంటాను. కొంటే తయారీ తేదీ, ఫ్రిజ్‌లో ఉంచాలా వద్దా చూసి కొనండి, ఎండలో నిలబడ్డ కొరియర్ వ్యాన్‌లో వచ్చింది బతికుండకపోవచ్చు. నెల రోజులు వాడి తేడా లేకపోతే ఆపేయండి. చిన్న సీసాల తీపి ప్రోబయోటిక్ పానీయాల్లో ఒక్కోదాంట్లో పది గ్రాముల వరకు చక్కెర ఉంటుంది, అది మీకు వద్దు.

మరి మందు ఎలా? ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చేవాళ్లకి ఒక్క బిళ్ల చాలదు, మీకు పదే పదే రావడానికి ఇదో ముఖ్య కారణం కావచ్చు. ఆల్బికాన్స్ అని తేలితే మామూలుగా మొదటి రోజు, నాలుగో రోజు, ఏడో రోజు 150 మిల్లీగ్రాముల చొప్పున మూడు బిళ్లలిచ్చి, తర్వాత వారానికొకటి ఆరు నెలలు ఇస్తారు. 2004లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఇలా వాడిన స్త్రీలలో ఆరో నెలకి నూటికి తొంభై మంది బాగున్నారు, మందు ఆపిన ఆరు నెలలకి ఆ లెక్క నలభై మూడుకి పడిపోయింది. పెరుగు, షుగర్ అదుపు, పొడి బట్టలు అక్కరకొచ్చేది సరిగ్గా ఆ రెండో ఆరు నెలల్లోనే. ఈ కోర్సు డాక్టర్ రాస్తేనే వాడాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లకి ఫ్లూకోనజోల్‌తో షుగర్ పడిపోవచ్చు, వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం కావచ్చు. గ్యాస్‌కి వేసుకునే గొట్టంలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంటే దాన్ని ఫ్లూకోనజోల్‌తో కలపకూడదు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇది మన ఇళ్లలో అందరూ మింగే బిళ్ల కాబట్టి తప్పకుండా చెప్పండి.

గ్లాబ్రాటా అయితే బోరిక్ ఆమ్లం 600 మిల్లీగ్రాముల గొట్టాలు యోనిలో పెట్టుకోమని రాస్తారు. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి తెచ్చి సొంతంగా ఈ ప్రయోగం చేయకండి, నోట్లోకి వెళ్తే విషం.

దురదకి షాపువాళ్లిచ్చే క్రీముల పేర్లు కూడా చదవండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అని ఉంటే అవి స్టీరాయిడ్లు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఈస్ట్ పెరుగుతూనే ఉంటుంది, చర్మం పల్చబడుతుంది. ఒట్టి క్లోట్రిమజోల్ అడగండి.

పెరుగు, వెల్లుల్లి, పసుపు, నిమ్మరసం, డెట్టాల్ నీళ్లు, ఏవీ లోపలికి పెట్టకండి. బయట మామూలు నీళ్లతో కడిగితే చాలు, సబ్బు కూడా వద్దు. కొబ్బరి నూనె చర్మం పైన పొడిబారిన చోట రాసుకోవచ్చు. అది ఈస్ట్‌ని చంపడం ప్రయోగశాల గిన్నెల్లో చూశారు, మనుషుల్లో మందులా పనిచేస్తుందని తేలలేదు. నూనె తగిలితే కండోమ్ చిరగొచ్చు, క్లోట్రిమజోల్ బిళ్లలతోనూ ఆ భయం ఉంది.

డెల్టాలో ఇంకో సంగతి, తడి. నాట్లకి వెళ్లి మోకాలి లోతు బురదలో రోజంతా నిలబడేవాళ్లు, రొయ్యల ప్లాంటులో నీళ్ల మధ్య షిఫ్టు చేసేవాళ్లు తడిసిన బట్టలు గంటల తరబడి మార్చరు. సంచిలో ఒక పొడి కాటన్ లోదుస్తు పెట్టుకుని మధ్యాహ్నం భోజనం దగ్గర మార్చుకోండి. ముసురు రోజుల్లో లోదుస్తులు ఎవరికీ కనపడకూడదని చీర కిందో బాత్రూం మూలో ఆరేస్తారు, సగం తడితోనే కట్టుకుంటారు. వాటిని ఎండలో ఆరేయడంలో సిగ్గేమీ లేదు. ఎండ లేనప్పుడు వేడి ఇస్త్రీ పెట్టి పూర్తిగా ఆర్చండి. రాత్రి లోదుస్తు లేకుండా వదులు నైటీతో పడుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. ప్రతి నెలా బహిష్టుకి ముందు వారంలో దురద, తెల్లబట్ట వచ్చి, బహిష్టుతో తగ్గిపోతూ, పరీక్షలో ఈస్ట్ ఎప్పుడూ కనపడకపోతే అది సైటోలైటిక్ వజైనోసిస్ కావచ్చు, అంటే లాక్టోబాసిల్లస్ మరీ ఎక్కువై ఆమ్లం పెరగడం. అలాంటివాళ్లకి ప్రోబయోటిక్ ఇస్తే బాధ ఎక్కువవుతుంది. బహిష్టులు ఆగిపోయిన స్త్రీకి షుగర్ లేకుండా దురద పట్టి పీడిస్తుంటే అది ఈస్ట్ కాకపోవడమే ఎక్కువ, చర్మ వ్యాధులు చూడాలి.

మీ భర్తకి మందు అక్కర్లేదు, ఆయనకీ దురద, ఎర్రటి మచ్చలు ఉంటే తప్ప. తెల్లబట్టలో రక్తపు చారలు, జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు ఉంటే ఇవేవీ పాటిస్తూ కూర్చోకుండా ఆ వారమే గైనకాలజిస్ట్‌కి చూపించండి. గర్భం ఉన్నా, ఉండొచ్చనే అనుమానం ఉన్నా ఫ్లూకోనజోల్ బిళ్ల వేసుకోకండి. అప్పుడు డాక్టర్ రాసిన క్లోట్రిమజోల్ ఏడు రాత్రులు లోపల పెట్టుకోవడమే సరైన పద్ధతి, మూడో రోజుకి దురద తగ్గినా ఏడూ పూర్తి చేయాలి.